ఖాలా ప్రశ్నపత్రం

సిద్దిపేట బస్టాండులో ఆడవాళ్ళు కూర్చునే వైపు గోడకు కొత్తగా ఒక మ్యాపు అంటించారు. ఆడవాళ్ళకు అన్యాయం జరిగితే పక్కన నిలబడే సంస్థలు జిల్లాలో ఎక్కడెక్కడ ఉన్నాయో ఎర్ర చుక్కలతో చూపించే మ్యాపు. మొన్న చేర్యాల బస్సు కోసం నిలబడి దాన్ని మొత్తం చదివాను. ఆ చుక్కల్లో చాలావాటి కోసం తిరిగింది నేనే మరి. మా చర్చి స్త్రీల సమాజం పేరు కనబడగానే, వెనకున్నవాళ్ళకు కూడా కనిపించాలని కాస్త పక్కకు జరిగాను.

ఆ తర్వాత చుక్క ఎక్కడుందో చూశాను. మా చర్చి ఊరికి ఒక కొసన ఉంటుంది. చుక్క బజారు వెనుక గాజుల దుకాణాల గల్లీలో ఉంది. అచ్చు తప్పేమో అనుకుని మ్యాపు మీది కోడును ఫోనుతో స్కాన్ చేశాను. ఫోను కూడా అదే చెప్పింది. గల్లీలోకి మళ్ళు, గాజుల దుకాణం దాటు, పచ్చ తలుపు ఇంటి ముందు ఆగు అన్నది.

ఆ పచ్చ తలుపు నాకు తెలుసు. అది ఖాలా ఇల్లు.

నాకు నవ్వు ఆగలేదు. పక్కన బెంచీ మీదున్నామె "ఏమైందక్కా?" అనడిగింది. చనిపోయిన మనిషి మళ్ళీ ఒకసారి ఆట పట్టించిందని ఆమెకు ఎట్లా చెప్పను? చేర్యాల బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమే తిరిగిన ఊళ్ళలో ఒక్కోచోట ఒక్కో పేరు చెప్పింది. నేనొకటి రాస్తే మిగతావి చిన్నబుచ్చుకుంటాయి. ఊరందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని. ఉర్దూ మీడియం బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన టీచరమ్మ. నల్ల బురఖా, భుజానికి తోలు సంచీ, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. సంచీలో సుద్దముక్క ఉండేది. బడి వదిలి ఏండ్లయినా ఆ సుద్దముక్క ఆమెను వదల్లేదు.

ఎక్కడికి పోయినా ముందు "ఉత్తరం ఎటు?" అనడిగేది. కండక్టర్ని అడిగేది, ఎస్సైని అడిగేది, ఒకసారి మా పాస్టరయ్యను కూడా అడిగింది. ఎదుటివాళ్ళు తడబడితే తనే నడిరోడ్డు మీద మెల్లగా చుట్టూ తిరిగి, ఒకచోట ఆగి, "గిటు" అని చెయ్యి చాపేది. వెనక స్కూటర్లు ఆగిపోయేవి. ఎందుకు ఖాలా ఈ పిచ్చి అంటే, "ఉత్తరం తెలిస్తే పడమర తెలుస్తది. పడమర తెలిస్తే నా నమాజు తెలుస్తది. నువ్వంటే ఎటు తిరిగి మొక్కినా నడుస్తది, నాకు నడ్వది" అనేది.

మేమిద్దరం కలిసింది సర్వే పనిలోనే. హైదరాబాదు సంస్థ ఒకటి ఈ మ్యాపు తయారు చెయ్యడానికి ఊరూరూ తిరగగలిగే ఇద్దరు ఆడవాళ్ళు కావాలన్నది. నన్ను చర్చి నుంచి పంపారు. నేను చిన్నప్పటినుంచి సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి, పెద్దయ్యాక బైబిలు శిక్షణ కూడా పొందినదాన్ని. ఈ పని దేవుడే అప్పగించాడని నమ్మి, మోకాళ్ళూని ప్రార్థించి బయల్దేరాను. ఖాలా మాత్రం ఇంట్లో పొద్దు పోవడం లేదని వచ్చానంది.

బస్సులో నేను వాక్యం చదువుకునేదాన్ని, ఆమె తస్బీ పూసలు తిప్పుకునేది. జగదేవ్‌పూర్ బస్సు కండక్టర్ మమ్మల్ని చూడగానే డ్రైవరుకు కేకేసేవాడు. "అన్నా, ఇద్దరు భక్తురాండ్లు ఎక్కిన్రు. ఇయ్యాల బ్రేకుల మీద ఫికరు పెట్టుకోకు."

నన్ను ఆమె చిన్న పాస్టరమ్మ అని పిలిచేది. నేను పాస్టరు భార్యను కాను. మావారికి జిరాక్స్ షాపు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా, "మరి జిరాక్స్ అనే పిలువాల్నా?" అనేది.

సర్వేలో మాకు నేర్పింది ఒక పద్ధతి. సంస్థకు పోవాలి, నమస్కారం పెట్టాలి, ట్యాబులో ఉన్న ప్రశ్నలు అడగాలి, పేరున్న బోర్డును ఫొటో తియ్యాలి, అక్కడే నిలబడి మీట నొక్కాలి. నొక్కిన చోట మ్యాపులో చుక్క పడుతుంది. ఖాలా ఈ పద్ధతంతా బుద్ధిగా విన్నది. మొదటి రోజు బస్సు దిగాక చల్లగా చెప్పింది.

"ముందుగాల నేను పోత. నువ్వు ఒక చాయ్ తాగినంత సేపు ఆగి రా."

"ఎందుకు?"

"బోర్డు గోడకుంటది. కుర్చీ ఎవరికేస్తరో చూద్దాం."

అట్లా మొదలైంది. లోపలికి పోయి, భర్త పెట్టే కష్టాలు చెప్పుకోవడానికి వచ్చిన ఆడమనిషిలాగా గోడ పక్కన నిలబడేది. కాసేపటికి నేను ట్యాబు పట్టుకుని సర్వే మేడంలాగా ప్రవేశించేదాన్ని. ఇద్దరం ఒకరికొకరం తెలియనట్లే ఉండేవాళ్ళం.

ఆ భర్తను ఆమె బస్సులోనే తయారు చేసేది. "ఇయ్యాల ఆయనను ఏం జేద్దాం?" అని నన్నే అడిగేది. నేను చెవులు మూసుకునేదాన్ని. ఒకరోజు లారీ డ్రైవరు, ఒకరోజు పేకాటరాయుడు, ఒకరోజు ఇల్లు కట్టిస్తానని ఆమె గాజులు పట్టుకుపోయినవాడు. సాయంత్రం ఇంటికి పోయాక, గడియారాలు బాగుచేసుకునే తన అసలు భర్తకు, నేను చాచా అని పిలిచే ఆయనకు, ఆనాటి నేరాలన్నీ ఏకరువు పెట్టేదట. ఆయన కంటికి పెట్టుకున్న బుడ్డి అద్దం తియ్యకుండానే, "అచ్ఛా? తర్వాత ఏం జేసిన?" అనడిగేవాడట.

ఒక పెద్ద ఆఫీసు గుర్తుంది. బోర్డు రోడ్డు అవతలినుంచే కనబడుతుంది. లోపలున్న సారు తల ఎత్తకుండానే ఖాలాను అడిగాడు.

"ఆధార్ జిరాక్స్ తెచ్చినవా?"

"నాదా సార్, ఆయనదా?"

"ఇద్దరిది."

"ఆయనది ఆయన జేబుల ఉంటది సార్. ఈసారి తన్నేటప్పుడు జర ఆగమని తీస్కుంట."

సారుకు ఆ మాట చెవికెక్కలేదు. సరిగ్గా అప్పుడే నేను ట్యాబుతో వెళ్ళాను. ఆయన లేచి, కుర్చీ లాగి, చాయ్ చెప్పి, తమ సంస్థ ఆశయాల గురించి మొదలుపెట్టాడు. గోడ దగ్గరినుంచి ఖాలా గొంతు వచ్చింది.

"మేడం, గీ సారు నాకు కుర్చీ ఎప్పుడేస్తరో గది గూడ ఒకపాలి రాసుకో."

మద్దూరు దగ్గర కథ పూర్తిగా తిరగబడింది. అక్కడ బియ్యం మిల్లు వెనక చిన్న గదిలో ఒక ఆడవాళ్ళ సంఘం. నేను పోయేసరికి ఖాలా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. ఆమె చుట్టూ మూగిన ఆడవాళ్ళలో ఒకామె రోకలి అందుకుని "వాడేడున్నడో చెప్పు వదినా, మిగిలింది మేం చూసుకుంటం" అంటోంది. ఖాలాకు చెమటలు పట్టాయి.

"వద్దమ్మా వద్దు. మంచోడే. జూదం ఒక్కటే."

"జూదం ఆడేటోడు మంచోడెట్లయితడు? నడువు, చూపెట్టు."

తిరుగు బస్సులో ఆమె ఊపిరి పీల్చుకుని, "గా మద్దూరు మొగణ్ణి బతికిచ్చుకునేసరికి నా పానం పోయింది" అన్నది. ఆ సంఘానికి బోర్డు లేదు. బోర్డు ఫొటో లేకుంటే ట్యాబు ముందుకు పోదు. ఖాలా సంచీలోంచి సుద్దముక్క తీసి, గది తలుపు మీద సంఘం పేరు గుండ్రటి అక్షరాలతో రాసి, ఫొటో తీసింది. రోకలి పట్టుకున్నామె ఆ అక్షరాలు చూసి, "మా పేరు గింత మంచిగుంటదా" అన్నది.

ఇదంతా నవ్వులాటగానే ఉన్నా నాకు లోపల ముల్లు గుచ్చుకునేది. అబద్ధ సాక్ష్యం పలకరాదని పలక పట్టినప్పటినుంచి నేర్చుకున్నదాన్ని. ఒకరోజు చెప్పేశాను.

"ఖాలా, నువ్వు చెప్పేవన్నీ అబద్ధాలు. నాకు దేవుని ముంగట భయమైతుంది."

ఆమె లవంగాన్ని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చింది.

"లెక్కల పుస్తకంల రాము మామిడిపండ్లు కొంటడు. అమ్ముతడు. కొన్ని కుళ్ళిపోతయి. గా రాము ఉన్నడా?"

"లేడు."

"మరి లెక్కల సారు అబద్ధాలాడినట్టా? గిది పరీక్ష పేపరు, బేటీ. పరీక్ష వాళ్ళకు. నువ్వెందుకు వణుకుతవు?"

ఆమె తర్కాన్ని లేఖనాలతో పడగొడదామని ఆ రాత్రి వాక్యం తీశాను. నాకు ఎదురైందేమిటి? ఒక ప్రవక్త రాజు దగ్గరికి పోయి, పేదవాడి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని కథ చెప్పిన ఘట్టం. ఆ పేదవాడూ లేడు, గొర్రెపిల్లా లేదు. రాజు తన తప్పు తాను చూసుకోవాలని ప్రవక్త కల్పించిన కథ అది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ గొర్రెపిల్లకు రంగులు కూడా వేశాను. ఇన్నేండ్లూ అది ఖాలా పక్షాన ఉందని నాకు తట్టలేదు. వాక్యం మూసేసి, ఈ సంగతి ఆమెకు చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. చెబితే ఇంక పట్టపగ్గాలుండవు.

నాకు ఈ సర్వేలో ఒక సొంత ఆశ ఉంది. మా స్త్రీల సమాజానికి నేనే కార్యదర్శిని. మ్యాపులో మాకూ ఒక చుక్క పడాలి. బస్టాండులో, దవాఖానలో మా పేరు చూసి ఒక్క కష్టపడే ఆడమనిషైనా రావాలి. చుక్క పెట్టే మీట మాత్రం ఖాలా చేతిలో ఉంది. మా సొంత సంస్థను మేమే సర్వే చెయ్యకూడదన్నది నియమం.

"మీ సమాజం ఏం జేస్తది?" అని అడిగింది ఒకరోజు బస్సులో.

"కుట్టు క్లాసు నడుపుతం. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచుతం. ప్రతి బుధవారం కూడిక."

"ఆడిదాని మీద చెయ్యి లేస్తే?"

"ప్రార్థన చేస్తం."

"ఆ తర్వాత?"

"చాయ్ తాగుతం" అన్నాను, ఆలోచించకుండా.

ఆమె నవ్విన నవ్వుకు ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. ఆ రోజునుంచి ఏ పని ముగిసినా "ఆ తర్వాత చాయ్" అనడం ఆమెకు అలవాటైంది.

"సరే, నవ్వు. మా గేటు అందరికి తెరిచే ఉంటది" అన్నాను ఉడుక్కుని.

"గేటు తెరిచుంటది బేటీ. గల్లీల కండ్లు గూడ తెరిచే ఉంటయి. మా గల్లీ కోడలు చర్చి గేట్లకు పోతే, లోపల ఏం చెప్పుకుందో ఎవరికి గావాలె? ఎందుకు పోయిందని ఇల్లంతా లేస్తది. మీ దిక్కు రెడ్ల కోడలు పోయినా గంతే."

ఆమె కిటికీ వైపు తిరిగింది. తర్వాత, ఎవరి గురించో చెబుతున్నట్లు మొదలుపెట్టింది.

"నా దగ్గర చదివిన పిల్ల ఒకతుండె. మ్యాపులు మంచిగ గీసేది. పెండ్లయినంక ఓపిక పట్టి పట్టి, ఒకనాడు బోర్డు చూసి ఒక ఆఫీసులకు పోయిందట. సారు లేడు, రేపు రమ్మన్నరట."

"మళ్ళ పోయిందా?"

"ఆ పిల్లకు రేపు లేకపాయె."

సిద్దిపేటలో దిగాక ఎప్పటిలాగే చుట్టూ తిరిగి ఉత్తరం చూసుకుంది. ఆమె కల్పించిన భర్తలు ఎవరికోసం పుట్టారో ఆ రోజు నాకు తెలిసింది. ఊరికే చుక్క పెట్టి రావడం ఆమె వల్ల కాదు. ఆ చుక్కను నమ్మి ఒక పిల్ల పోతుంది.

"మీది ఆఖర్ల చూద్దాం" అన్నది. నేను ఎదురుచూస్తూ ఉన్నాను.

ఒక బుధవారం కూడికలో పాటలయ్యాక, ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ వచ్చింది. మా దగ్గర ఎవరికి ఏ బాధ ఉన్నా లేచి నిలబడి చెప్పుకుంటారు. వెనక వరసలో ఒక కొత్తామె లేచింది. గొల్లభామ చీర, తలమీదికి కొంగు. కూర్చునేముందు ఆమె ఉత్తరం చూసుకుని కుర్చీని కొంచెం పక్కకు తిప్పుకోవడం అంతకుముందే చూసి, ఖాలా అని గుర్తుపట్టాను. మా సమాజంలో ఎవరూ ఖాలాను బురఖా లేకుండా చూడలేదు. చూసిందల్లా గేటు బయట, బురఖాలో నా కోసం ఎదురుచూస్తున్నప్పుడే.

"నా మొగడు తాగుతడమ్మా. పొద్దందాక తాగుతడు. కండ్లెర్రగ జేసుకుంటడు. చేతులు వణుకుతయి. నాకు దిక్కు లేదు" అన్నది. గొంతులో వణుకు కూడా పెట్టింది. నేను తల వంచుకున్నాను. అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు.

ఇప్పుడు ప్రార్థన చేస్తారు, తర్వాత చాయ్ వస్తుంది, ఖాలా బయటికి పోయి నన్ను చూసి నవ్వుతుంది, చుక్క పడదు. ఇట్లా అనుకుంటూ కూర్చున్నాను.

మా పాస్టరమ్మది పెద్ద గొంతు. మైకు అక్కర్లేదు. ప్రార్థన ముగించి, చీర చెంగు నడుముకు దోపి లేచి నిలబడింది.

"నడువుండ్రి. చాయ్ వచ్చినంక తాగుదాం. ఆయనను చూసొద్దాం."

నాకు అప్పుడు తట్టింది. మేం ఎప్పుడూ చేసేది అదే కదా. కష్టం విన్నాక అదే రోజు ఆ ఇంటికి పోతాం. ఆ మగమనిషి ఎదురుగా చాపేసుకుని కూర్చుంటాం. పాటలు పాడతాం, ప్రార్థన చేస్తాం, మాట తీసుకుంటాం. మాట తప్పితే మళ్ళీ పోతాం. చెయ్యి చేసుకున్నాడని తెలిస్తే అక్కడినుంచి అందరం పోలీస్ స్టేషన్‌కు నడుస్తాం. ఆ ఇంట్లో ఉండలేనన్న ఆమెను పాస్టరమ్మ తనతో తీసుకుపోతుంది. పాస్టరమ్మ వరండాలో ఎప్పుడూ ఎవరో ఒకామె బియ్యం ఏరుతూ కనబడేది, చుట్టాలేమో అనుకునేవాళ్ళు. ఇదంతా అన్నం తిన్నంత మామూలు పని మాకు. ఖాలా అడిగినప్పుడు చెప్పుకోవాల్సిన సంగతని నాకు తోచనే లేదు.

ఖాలా ముఖం చూడాలి అప్పుడు. ఆమె రాసిన ప్రశ్నపత్రం లేచి నడవడం అదే మొదలు.

"ఇయ్యాల వద్దమ్మా. ఆయన ఊళ్ళె లేడు."

"తాగేటోళ్ళు ఊరు విడిచి ఏడికి పోతరు? మందు దుకాణం ఈడనే ఉండె."

"ఇల్లు దూరం."

"ఆటోలున్నయి."

ఆటోలు వచ్చాయి. ఖాలా ఒక గల్లీ చూపించింది, కాదన్నది, ఇంకో గల్లీ చూపించింది. పాస్టరమ్మ పుట్టింది పెరిగింది సిద్దిపేటలోనే. "వదినా, సొంతింటికి తొవ్వ మర్చిపోయినవంటే నిన్నెంతగనం కొట్టిండో" అని ఆమె వీపు నిమిరింది. ఇక తప్పక ఖాలా ఆటోను గాజుల దుకాణాల గల్లీకి మళ్ళించింది.

పచ్చ తలుపు తీసిన మనిషి సన్నగా, తెల్లటి గడ్డంతో ఉన్నాడు. గడియారాల అద్దం పెట్టుకుని పెట్టుకుని ఒక కన్ను ఎర్రగా నీళ్ళూరుతోంది. చేతిలో చిన్న స్క్రూడ్రైవరు, పెద్దతనానికి ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. మా ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. సాక్ష్యం పూర్తిగా సరిపోయింది.

"కూసో అన్నా" అన్నది పాస్టరమ్మ. ఆయన తన ఇంట్లో తాను బుద్ధిగా కూర్చున్నాడు. మేం చుట్టూ కూర్చున్నాం. అప్పుడు పాస్టరమ్మ కళ్ళు గోడకున్న మక్కా ఫొటో మీద, కొక్కేనికి వేలాడుతున్న నల్ల బురఖా మీద పడ్డాయి.

"మీరు ముస్లింలా అన్నా?"

"జీ."

ఆమె గొంతు సవరించుకుంది.

"ఏముంది, తాగుడుకు అందరిళ్ళు ఒకటే. వదిన కన్నీళ్ళు దేవుడు చూసిండన్నా. ఇంక ముట్టనని మాటియ్యి."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె కొంగు చాటునుంచి కళ్ళతోనే ఏదో చెప్పింది. పెళ్ళినాటినుంచి ఆ కళ్ళు చదువుతున్న మనిషికి సంగతి అర్థమైంది.

"ముట్టను."

"ఎన్నటికి?"

"ఎన్నటికి ముట్టను."

చాచా జీవితంలో ఆ వస్తువును వాసన కూడా చూసినవాడు కాదు. ఆ గదిలో ఆ రోజు అక్షరాలా నిజం చెప్పింది ఆయనొక్కడే. మేం కళ్ళు మూసుకుని ప్రార్థించాం. నేను మధ్యలో ఒక కన్ను తెరిచాను. ఆయన రెండు అరచేతులూ ముందుకు చాపి, తనకు తెలిసిన పద్ధతిలో తానూ ప్రార్థిస్తున్నాడు. మేం ఆమెన్ అన్నప్పుడు ఆయన ఆమీన్ అన్నాడు.

అప్పుడు ఖాలా నేలమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే చీర మడతలోంచి ట్యాబు తీసింది. విషయం తెలిశాక పాస్టరమ్మ ముఖం ఎర్రబడింది.

"టీచరమ్మవై ఉండి దేవుని మందిరంల అబద్ధమాడినవా?"

చుక్క సంగతి అటుంచి, స్నేహమే తెగేట్టుంది. ఇంక తప్పలేదు. నేను దాచుకున్న గొర్రెపిల్లను బయటికి తీశాను. ప్రవక్త రాజుకు చెప్పిన కథ మొత్తం చెప్పాను. పాస్టరమ్మ ఎవరి మాటనైనా తోసెయ్యగలదు కానీ వాక్యాన్ని తొయ్యలేదు. నా వైపు, ఖాలా వైపు, అమాయకంగా కూర్చున్న చాచా వైపు చూసింది. పొట్ట పట్టుకుని నవ్వింది.

ఖాలా మాత్రం నన్ను గుచ్చి చూసింది. "గీ కథ నీకు ముందే ఎరికెనా? ఇన్నిదినాలు దాసుకుంటివా, చిన్న పాస్టరమ్మా?"

చాచా లేచి అందరికీ చాయ్ పెట్టాడు. "ఆ తర్వాత చాయ్" అన్నది ఖాలా. మేం తాగుతుండగా ఆమె గడప మీద నిలబడి, మెల్లగా తిరిగి ఉత్తరం చూసుకుని, ట్యాబు మీద మీట నొక్కింది.

"చర్చి దగ్గర నొక్కాలె గద ఖాలా" అన్నాను.

"జిల్లా మొత్తం తిరిగినం. ఇంటిదాక వచ్చింది మీరొక్కళ్ళే. యాడిదాక వచ్చిన్రో ఆడ నొక్కిన. తర్వాత మారుస్త తియ్యి."

మార్చలేదు. మ్యాపు అచ్చుకు పోకముందే, ఒక పొద్దున నమాజుకు లేచి గుండె పట్టుకుని కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. జనాజా మోసుకుపోయేవాళ్ళు గల్లీ మలుపు తిరిగేదాకా వాళ్ళ బంధువుల ఆడవాళ్ళూ మా సమాజం ఆడవాళ్ళూ ఒకే గడప ముందు నిలబడ్డాం. పాస్టరమ్మ గొంతు ఆ రోజు అస్సలు వినబడలేదు.

బస్టాండు నుంచి నేను నేరుగా ఆ ఇంటికే నడిచాను. చుక్క సరిచెయ్యాలి. సర్వే సంస్థకు ఒక్క ఫోను చేస్తే చాలు, కానీ ముందు చాచాతో చెప్పాలి. దారి తప్పి ఎవరైనా ఆయన్ని ఇబ్బంది పెడుతుంటే క్షమాపణ కూడా అడగాలి. గాజుల దుకాణం దాటుతుండగా నా సంచీలో ఫోను మోగింది. తీసి చూస్తే చాచా.

పచ్చ తలుపు తెరిచే ఉంది. ఆయన చెవి దగ్గర ఫోను పెట్టుకుని నన్ను చూసి, "నీకే చేస్తున్న బేటీ. అక్కలు వస్తరని ఈ పిల్లకు చెప్పిన" అన్నాడు. ఎదురుగా కుర్చీలో పడుచుపిల్ల ఒకతె కూర్చుని ఉంది. చేతిలో చాయ్ గ్లాసు, తాగడం లేదు. బొట్టు సగం చెరిగి ఉంది. జగదేవ్‌పూర్ దిక్కు పిల్లట. బస్టాండులో మ్యాపు చూసి వచ్చిందట. ఈ ఇంట్లోకి రావడం ఎవరైనా చూస్తే ఏమంటావని అడిగాను. "గడియారం బాగుచేయిచ్చుకునేతందుకు వచ్చిన్నని చెప్త" అన్నది.

చుక్క సరిచెయ్యాలన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది.

"చాచా, మ్యాపుల చుక్క..." అని నసిగాను.

"ఆమె చుక్క తప్పు పెట్టే మనిషేనా?" అన్నాడాయన. అంతే. అద్దం మళ్ళీ కంటికి పెట్టుకున్నాడు.

పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "గీ అక్కలతోని ఏమైతది చాచా? మా ఆయన తాగితే ఎవరి మాట వినడు" అన్నది.

చాచా చేతిలోని గడియారాన్ని కింద పెట్టాడు. నాకు తెలిసి జన్మలో అబద్ధమాడని మనిషి, అద్దంలోంచి ఇంతయి కనబడుతున్న ఎర్రటి కంటితో ఆ పిల్లను చూశాడు.

"గీ ఇంట్ల గూడ ఒక తాగుబోతుండె బేటీ. టీచరమ్మను మస్తు ఏడిపిచ్చిండు. గీ అక్కలు వచ్చి గీడ చాపేసుకొని కూసున్నరు. ఆనాటి సంది ముట్టలే."

"ఎవరు చాచా?"

"నేనే."

పిల్ల ఆయన తెల్లగడ్డం వైపు, మెడలోని బుడ్డి అద్దాల తాడు వైపు చూసింది. నమ్మకం కలగనట్లు నా వైపు తిరిగింది.

"నిజమేనా అక్కా?"

అబద్ధ సాక్ష్యం పలకరాదని పలక పట్టినప్పుడే నేర్చుకున్నదాన్ని. చాచా అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. గోడ కొక్కేనికి నల్ల బురఖా ఇంకా వేలాడుతోంది.

"అవును చెల్లే. ఈయనతోని మస్తు తక్లీఫైంది మాకు" అన్నాను.

పిల్ల పెదవులు కొంచెం కదిలాయి. చాయ్ గ్లాసు నోటిదాకా ఎత్తింది. నేను పాస్టరమ్మకు ఫోను చేసి ఆటోలు మాట్లాడమన్నాను.